తలా 15 మిల్లీలీటర్లు: మా ఇంట్లో విస్కీ సిట్టింగ్ పెట్టే పద్ధతి

నెలకోసారి, రెండో శనివారం సాయంత్రం, బాచుపల్లిలో మా డైనింగ్ టేబుల్ మీద 4 సీసాలు, 16 గ్లాసులు ఉంటాయి. మనుషులం నలుగురం. ఒక్కొక్కరికి ఒక్కో సీసాలోంచి 15 మిల్లీలీటర్లు. అంతా కలిపితే 60, అంటే ఒక లార్జ్. "ఇంతోటి దానికి పదహారు గ్లాసులు కడగాలా?" అని మొదట్లో మా ఆవిడ అడిగేది. తర్వాత కడిగే పని నాకే వచ్చింది కాబట్టి అడగడం మానేసింది.

మేం ఎవరమో చెప్పాలి. ఎందుకంటే ఈ పద్ధతి పుట్టింది మా నలుగురి ముక్కుల్లోంచే. నేను పాతికేళ్లుగా ఓ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో సాల్వెంట్ల మధ్య బతుకుతున్నాను. చిన్నప్పటి స్నేహితుడొకడు టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ చేస్తాడు. ఆకును వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని గ్రేడు చెప్పేస్తాడు. కూతురు కూకట్‌పల్లిలో ఉంటుంది కాబట్టి నెలకోసారి ఇటు వస్తాడు. మూడోవాడు మా బావమరిది, ఆఫీసు పని మీద దేశాలు తిరిగొస్తూ కస్టమ్స్ వాళ్లు ఒప్పుకునే 2 లీటర్లూ నింపుకుని తెస్తాడు. నాలుగో మనిషి పై ఫ్లాటు ఫిజిక్స్ మేష్టారు. రిటైరయ్యారు. సోడా లేకుండా గ్లాసు ముట్టరు.

మొదటిసారి కూర్చున్నప్పుడు బావమరిది అట్టపెట్టె మీది రాత గట్టిగా చదివాడు. హీథర్ పూలట, క్రిస్మస్ కేకట, టాఫీయట. హీథర్ పువ్వు మాలో ఎవరం కంటితో చూళ్లేదు. అయినా ముగ్గురం తలలూపాం. పొగాకాయన మాత్రం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది బ్యారన్‌రా" అన్నాడు. బ్యారన్ అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం. ఆకు క్యూరింగ్ పూర్తయ్యాక దాని తలుపు తీస్తే ముందు ముఖానికి కొట్టే తీపి వాసన ఉంటుంది, అదీ అని. మళ్లీ వాసన చూశాను. నిజమే, బ్యారనే. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో ఉన్న సరుకది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అట్టపెట్టెలు వంటగదిలోనే ఉండిపోతాయి. ఎవరి ముక్కుకు ఏ ఊరు గుర్తొస్తే ఆ ఊరి మాటే చెప్పాలి. మిగతావన్నీ ఈ ఒక్క నియమం కోసం పెట్టుకున్నవే.

సీసాలు ఎంచేటప్పుడు నాలుగూ ఒకే రకం పెట్టకండి. తేడా పక్కపక్కన ఉంటేనే ముక్కు పట్టుకుంటుంది. పొగ లేనివి ముందు, పొగవి (బార్లీని పొగలో ఆరబెట్టి చేసినవి) చివర. ఈ వరస తప్పితే ఇక దిద్దుకోలేరు. పొగ మాల్ట్ నాలుక మీద పడ్డాక మెత్తటి విస్కీ మంచినీళ్లలా ఉంటుంది. ఈ నెల మా వరస: గోవా నుంచి పాల్ జాన్ బ్రిలియన్స్, హర్యానా నుంచి ఇంద్రి త్రిణి, బెంగళూరు నుంచి అమృత్ ఫ్యూజన్, ఆఖరున స్కాట్లాండ్ ఐలా దీవి నుంచి లగావులిన్ 16 ఏళ్లది. మూడు మనవి, ఒకటి వాళ్లది.

లేబుల్ మీద రెండు విషయాలు చూస్తే చాలు. ఒకటి, సింగిల్ మాల్ట్ అని ఉందా. అంటే మొలకెత్తించిన బార్లీతో, ఒకే డిస్టిలరీలో చేసింది. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే మామూలు సరుకులో ఎక్కువ భాగానికి ఆధారం చెరకు మొలాసిస్ స్పిరిట్. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. తాగొద్దనడం లేదు, దాంట్లో బార్లీ వెతకొద్దంటున్నాను. రెండోది ఆల్కహాల్ శాతం. మామూలు సీసాల మీద 42.8 అని కనిపిస్తుంది. అది తెల్లవాళ్ల పాత ఆల్కహాల్ కొలత ప్రూఫ్ లెక్కలో 75, ఇప్పటికీ వదల్లేదు. 46 లేదా ఆపైన ఉంటే మంచి గుర్తు. అంతకన్నా తగ్గితే చల్లబడినప్పుడు, నీళ్లు కలిసినప్పుడు విస్కీ మసకబారుతుంది. అది కనపడకూడదని చాలామంది ముందే చల్లబరిచి వడకడతారు, దాంతో నాలుకకు తగిలే నూనెతనం కొంత పోతుంది.

పీపాలో ఎన్నేళ్లు ఉందో చెప్పే వయసు అంకె మన సీసాల మీద లేకపోతే కంగారుపడకండి. స్కాట్లాండ్ గోదాముల్లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో 10 నుంచి 12 దాకా పోతుంది. స్కాట్లాండ్‌లోలా ఇక్కడ పదహారేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది కర్ర వాసనే. ఎండ తొందరపెట్టే దేశంలో నాలుగైదేళ్లకే సరుకు పక్వానికొస్తుంది. అమృత్ వాళ్లు తమ సింగిల్ మాల్ట్‌ను 2004లో మొదట విడుదల చేసింది బెంగళూరులో కాదు, గ్లాస్గోలో. పుట్టింటివాళ్లు ఒప్పుకోవడానికి ముందు అత్తింటివాళ్ల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకున్నట్టు.

ఇక గది. సాయంత్రం దీపం పెట్టాక అగరొత్తి వెలిగిస్తారు కదా, అది ఆ రోజుకి వేరే గదిలో. ఒకసారి మేం మరిచిపోయాం. నాలుగు సీసాలకూ నలుగురం కాగితాల మీద "గంధం" అని రాశాం. మేష్టారైతే "అద్భుతమైన ఏకాభిప్రాయం" అన్నారు. దేవుడి గది తలుపు తెరిచి ఉందని మా ఆవిడ చెప్పేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. సెంటు, మల్లెపూలు, వాసన సబ్బుతో కడిగిన చేతులు కూడా అంతే.

గ్లాసు అడుగున ఉబ్బి, మూతి దగ్గర ఇరుకవ్వాలి. దీనికోసమే చేసిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు 2001 నుంచి దొరుకుతోంది. లేకపోతే చిన్న వైన్ గ్లాసు. వెడల్పు మూతి టంబ్లర్‌లో వాసన గదిలోకి పోతుంది, మనకు ఘాటు మిగులుతుంది. 15 మిల్లీలీటర్లు కొలవడానికి దగ్గు మందు సీసా మూత చాలు, గీతలుంటాయి. రూమ్ టెంపరేచర్‌లో తాగాలని పెద్దలంటారు. ఎవరి రూమ్? వాళ్ల రాతిగోడల గదిలో 18 డిగ్రీలు. మే నెల బాచుపల్లిలో మా హాలు 36. ఆ వేడికి గ్లాసులోంచి స్పిరిట్ తప్ప ఏమీ పైకి రాదు. ఏసీ వేసి, సీసాల్ని కూడా గంట ముందు ఆ గదిలో పెట్టండి.

మంచింగ్ గురించి గొడవ పడ్డాం, అందుకే రాస్తున్నా. చికెన్ 65, మిరపకాయ బజ్జీ, ఉల్లిపాయ ముక్కలు అన్నీ ఆ 4 గ్లాసులూ అయ్యాకే. ముందు కాస్త పెరుగన్నం తిని కూర్చోండి. మధ్యలో ఉప్పు తక్కువేసి ఉడకబెట్టిన పల్లీలు, మంచినీళ్లు. పొగాకాయన జేబులో మిక్చర్ పొట్లం ఉంటుంది, దాన్ని ముందే స్వాధీనం చేసుకుంటాం.

వాసన చూడ్డం చాలామంది తప్పు చేసే చోటు. ముక్కు గ్లాసులోకి దూర్చేస్తారు. ల్యాబ్‌లో మాకు మొదటి రోజే నేర్పిస్తారు, సీసా మూతి మీద ముక్కు పెట్టకూడదని. గ్లాసు గడ్డం దగ్గర పెట్టుకోండి, నోరు కొంచెం తెరిచి ఉంచండి, మెల్లగా పైకి తీసుకురండి. మొదటిసారి ఘాటే వస్తుంది, పట్టించుకోకండి. రెండోసారి, మూడోసారి అసలు సంగతి మొదలవుతుంది. అరటిపండు వాసన వస్తే మీ ఊహ కాదు. ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, పులిసేటప్పుడు ఈస్ట్ చేస్తుంది, పండిన అరటిలోనూ అదే ఉంటుంది. కొబ్బరి వస్తే అమెరికన్ ఓక్ చెక్కలోని లాక్టోన్. లవంగం వస్తే యూజెనాల్, లవంగ నూనెలో ఉండేదే. అంటే "కొబ్బరి లౌజు వాసన" అన్న మనిషి కవిత్వం చెప్పట్లేదు, వాసన పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్టు చదువుతున్నట్టే. ఇంతకీ ఆ అమెరికన్ చెక్క గోవాకు ఎలా వచ్చిందంటే, బోర్బన్ అనే అమెరికా మొక్కజొన్న విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని అమెరికా చట్టం. ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు, ప్రపంచమంతా అమ్మేస్తారు.

అప్పుడు ఒక చిన్న గుక్క. మింగేయకుండా నాలుక మీద కొన్ని క్షణాలు నిలపండి. రెండో గుక్కకు ముందు నీళ్లు, అదీ చెవి మందు డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా. ఎందుకు పనిచేస్తుందంటే, పొగ వాసనిచ్చే గ్వాయకాల్ లాంటి అణువులు ఆల్కహాల్ ఎక్కువగా ఉన్నప్పుడు లోపల ఇరుక్కుని ఉంటాయి. నీళ్లు పడితే ఉపరితలానికి చేరతాయి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్తలు ఇద్దరు కంప్యూటర్ సిమ్యులేషన్‌తో ఈ సంగతి చూపించారు. 50 శాతం ఉన్న ఫ్యూజన్ 15 మిల్లీలీటర్లకు సుమారు 4 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 40కి దిగుతుంది. అక్కడ ఆగండి. బోరు నీళ్లు వద్దు, మా వైపు బోరు నీళ్లతో మంచి టీయే కాదు, విస్కీ ఎక్కడ అవుతుంది!

మేష్టారి సోడా సంగతి. "బుడగ పగిలేటప్పుడు వాసనను పైకి మోసుకొస్తుందండీ, ఇది ఫిజిక్సు" అంటారు. వాదించలేం. రాజీ ఏమిటంటే, సగం మామూలుగా, మిగతా సగం ఆయన ఇష్టం. ఐస్ విషయంలో కూడా నాకు పట్టుదల లేదు, కానీ చల్లబడితే వాసన ముడుచుకుంటుంది, కాబట్టి మాట్లాడుకోవడం అయ్యాక.

మాట్లాడుకోవడానికి ముందు రాయాలి. ఇది చాలా ముఖ్యం. ఒకరు "తేనె" అన్నారంటే మిగతా ముగ్గురికీ తేనే వస్తుంది. అందుకే తలా ఓ కాగితం, మూడే మూడు ప్రశ్నలు: ఏం గుర్తొచ్చింది, మింగాక ఎంతసేపు నిలిచింది, మళ్లీ కొంటావా. మార్కులు లేవు. మొదట్లో వందకు మార్కులేసేవాళ్లం, మేష్టారు అందరికీ 62, 63 వేసి పాస్ చేసేవారు. మూడో ప్రశ్నకు అవును, కాదు మాత్రమే. సీసాలకు పేపరు చుట్టి అంకెలు వేస్తే ఇంకా మంచిది. అలా చుట్టిన రోజున బావమరిది, తనే ఎయిర్‌పోర్టులో ఎంచి ఎంచి తెచ్చుకున్న సీసాకు "కాదు" అని రాశాడు. పేపరు విప్పాక పెన్ను పనిచేయలేదన్నాడు.

ఈ నెల కాగితాల్లో ఏముందంటే. బ్రిలియన్స్‌కు మేష్టారు "సంక్రాంతి నాటి కొబ్బరి లౌజు, పాకం కాస్త ముదిరింది" అని రాశారు. నాకు తేనె, వేయించిన రవ్వ. నలుగురూ మళ్లీ కొంటామన్నారు. ఇంద్రి మూడు రకాల పీపాల్లో ఉంటుంది: బోర్బన్‌వి, ఫ్రెంచ్ వైన్‌వి, షెర్రీవి. మామిడి తాండ్ర, ఎండుద్రాక్ష బాగా పలికాయి, చివర్లో కరక్కాయ నమిలినట్టు వగరు మిగిలింది. బావమరిదికి ఆ వగరే నచ్చింది, నాకు అదే నచ్చలేదు. ఫ్యూజన్‌లో మన బార్లీతో పాటు స్కాట్లాండ్ నుంచి వచ్చిన పొగబెట్టిన బార్లీ కలుస్తుంది. ముందు నారింజ తొక్క, వెనక నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, గొంతులో శొంఠి. నన్నడిగితే ఇంట్లో ఒక్క సీసాయే ఉండాలంటే అదే.

లగావులిన్ దగ్గర గొడవైంది. అక్కడ బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు, గడ్డి, దాన్ని కోసి ఎండబెట్టి కాలుస్తారు. మేష్టారు "డెటాల్ వేసి తుడిచిన ఆసుపత్రి వరండా" అని రాసి గ్లాసు దూరం జరిపారు. బావమరిది "బొగ్గుల కుంపటి మీద మరిగిన టీ" అన్నాడు. పొగాకాయన చాలాసేపు రాయలేదు. తర్వాత కాగితం మీద రెండే మాటలు: "వాడరేవు. ఎండుచేపలు." చీరాల పక్కన చిన్నప్పుడు సెలవులకు వెళ్లేవాడు, పొద్దున్నే ఒడ్డున చేపలు ఎండబెట్టేవాళ్లు, పక్కన ఎవరో పొయ్యి రాజేసేవాళ్లు. "ఉప్పూ పొగా కలిసి వచ్చేదిరా, అచ్చం ఇదే" అన్నాడు. మేష్టారు గ్లాసు మళ్లీ దగ్గరికి లాక్కుని వాసన చూశారు. కాగితం మీద ఆసుపత్రిని కొట్టేయలేదు గానీ, మిగిలింది సోడా లేకుండా తాగారు.

సీసా తెరిచిన రోజు తేదీ మార్కర్‌తో వెనకవైపు రాసుకోండి. మూడో వంతుకు వచ్చాక లోపలి గాలి తన పని మొదలుపెడుతుంది, కొన్ని నెలల్లో రుచి చప్పబడుతుంది. అప్పుడు చిన్న గాజు సీసాల్లోకి మెడదాకా నింపి మార్చేయాలి, ప్లాస్టిక్ వద్దు. సీసాను వైన్‌లా పడుకోబెట్టకండి, ఈ ఆల్కహాల్‌కు బెరడు మూత తినేసినట్టు అవుతుంది. ఎండ తగలకూడదు. షోకేసులో లైటు కింద పెట్టేవాళ్లకు దండం.

ఇంటికెళ్లే మాట. బండి నడిపేవాళ్ల రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. ఒక లార్జ్‌తోనే దాటేవాళ్లు ఉంటారు. బావమరిది మియాపూర్ దాకా మెట్రోలో వచ్చి అక్కణ్ణుంచి ఆటో పట్టుకుంటాడు, వెళ్లేటప్పుడూ అంతే. పొగాకాయన్ని అల్లుడొచ్చి తీసుకెళ్తాడు. మేష్టారికి లిఫ్టు.

గ్లాసులు ఆ రాత్రి కడగకండి. వరస చెడకుండా బల్ల మీదే వదిలేయండి. తెల్లారి కాఫీకి ముందు ఒక్కొక్క ఖాళీ గ్లాసూ తీసి వాసన చూడండి. ఆల్కహాల్ అంతా ఎగిరిపోయి ఉంటుంది, అడుగున ఎండినదే మిగులుతుంది. ఇంద్రి గ్లాసులో మొన్న నాకు బ్యారన్ దొరికింది, రాత్రి దొరకలేదు. లగావులిన్ గ్లాసు మా ఆవిడకు ఇచ్చాను. ఆమె ఒక్క చుక్క తాగదు. వాసన చూసి, "మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో నీళ్లపొయ్యి, తెల్లారి బూడిద" అంది. ఆమె పేరు రాసి ఆ కాగితం కూడా మిగతావాటితో పాటు పిన్ను కొట్టాను.