అద్దె ఇంటి కిటికీకి స్క్రీన్ లేదా? మసాచుసెట్స్‌లో ఇన్‌స్పెక్షన్‌కు అర్జీ ఇలా పెట్టుకోవాలి

మసాచుసెట్స్‌లో అద్దెకుండే మనవాళ్లు చాలామంది కిటికీకి దోమల మెష్ (స్క్రీన్) లేకపోతే తామే వెళ్లి ఒకటి కొనుక్కొస్తారు. ఇంత చిన్న విషయానికి ఓనర్‌తో గొడవెందుకు అనుకుంటారు. కానీ అది ఓనర్ చేయాల్సిన పని. ఇళ్లు ఎలా ఉండాలో చెప్పే రాష్ట్ర శానిటరీ కోడ్‌లోనే ఆ మాట రాసి ఉంది.

మొదటి నాలుగు అంతస్తుల్లో, బయటికి తెరుచుకునే ప్రతి కిటికీకీ ఓనరే స్క్రీన్ పెట్టించాలి. ఏటా ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 30 వరకు అవి బిగించి ఉండాలి. తెరుచుకునే భాగమంతా కప్పాలి, అంచుల దగ్గర పురుగు దూరే సందు ఉండకూడదు. అటూ ఇటూ లాగి కిటికీలో ఇరికించే స్క్రీన్లు ఉంటాయి చూడండి, అవి ఈ లెక్కలోకి రావు. ఓనర్లు ఎక్కువగా తెచ్చిచ్చేది మాత్రం వాటినే! అయితే మెష్‌ను మీ పిల్లలో, పెంపుడు పిల్లో చింపితే ఆ ఖర్చు మీదే. ఇంకో మాట, స్క్రీన్ పురుగుల్ని ఆపుతుంది గానీ పిల్లల్ని ఆపదు. దానికి ఆనుకుని నిలబడనివ్వకండి.

అర్జీకి ముందు ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు కాబట్టి ఈమెయిల్ పంపండి. ఏ గదిలో ఏ కిటికీ, స్క్రీన్ అసలు లేదా, చిరిగిందా, ఎప్పటికల్లా పెట్టించాలి అన్నవి రాసి ఫొటోలు జత చేస్తే చాలు. కోపం చూపించక్కర్లేదు.

జవాబు రాకపోతే అప్పుడు ఇన్‌స్పెక్షన్ అడగాలి. బోస్టన్‌లో ఈ పని ఇన్‌స్పెక్షనల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్‌ది, సిటీ హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేసినా సరిపోతుంది. మిగతా ఊళ్లలో బోర్డ్ ఆఫ్ హెల్త్‌నో, ఊరి ఇన్‌స్పెక్షన్ ఆఫీసునో అడగాలి. మీ పేరు, చిరునామా, యూనిట్ నంబరు, ఓనర్ వివరాలు, ఎప్పుడు ఇంట్లో ఉంటారన్నది సిద్ధంగా పెట్టుకోండి. అడిగేటప్పుడు స్క్రీన్ల దగ్గరే ఆగిపోకుండా ఇల్లంతా చూడమనండి. పనిచేయని హీటరు, కారే పైపు లాంటివి కూడా అదే రిపోర్టులోకి ఎక్కుతాయి.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉండాలి. ఆయన్ను ఒక్కో కిటికీ దగ్గరికీ తీసుకెళ్లి మీరే చూపించండి, చూపించనిది రిపోర్టులో రాకపోవచ్చు. ఆయన వెళ్లే ముందు రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. లోపం తేలితే, గడువు పెట్టి సరిచేయమని ఓనర్‌కు ఆర్డర్ వెళ్తుంది. గడువు దాటినా పని కాకపోతే అదే ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేసి, రీ-ఇన్‌స్పెక్షన్ కావాలని చెప్పండి.

అందరికీ ఉండే టెన్షన్ ఒకటే: కంప్లయింట్ పెడితే ఖాళీ చేయమంటాడేమో, అద్దె పెంచుతాడేమో అని. కంప్లయింట్ తర్వాత 6 నెలల్లోపు అలాంటి నోటీసు వస్తే, అది కక్షతో ఇచ్చిందేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఓనరే. అద్దె కట్టనందుకు ఇచ్చిన నోటీసుకు మాత్రం ఈ రక్షణ ఉండదు. అందుకే స్క్రీన్ పెట్టలేదన్న కోపంతో అద్దె ఆపేయకండి. ఆ హక్కు ఉంది గానీ దానికి షరతులున్నాయి, లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సహాయం) వాళ్లను అడిగాకే అటు అడుగు వేయండి.

కొత్తగా ఇల్లు తీసుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. సెక్యూరిటీ డిపాజిట్ తీసుకున్న ఓనర్ ఇంటి పరిస్థితి రాసిన కాగితం ఇవ్వాలి. అది చేతికొచ్చాక 15 రోజుల్లోపు లేని స్క్రీన్లు, చిరిగిన స్క్రీన్లు అన్నీ అందులో రాసి, సంతకం పెట్టి తిరిగివ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుంటే, ఖాళీ చేసే రోజున ఆ చిరుగులు మీ డిపాజిట్ మీదికి రావు.