టీ-90 భీష్మ ట్యాంకు మోడల్ కట్టి రంగు వేయడం ఎలా?

టీ-90 ట్యాంకుకు మన సైన్యం పెట్టుకున్న పేరు భీష్మ. 1/35 స్కేలులో, అంటే అసలులో 35వ వంతు సైజులో, అది ఫిరంగి గొట్టంతో కలిపి 27 సెంటీమీటర్లు వస్తుంది. జ్వెజ్దా, మెంగ్, ట్రంపెటర్ అనే మోడల్ కంపెనీలు ఇదే స్కేలులో దీని కిట్లు తెచ్చాయి. పెట్టెలో సాధారణంగా జిగురూ రంగులూ ఉండవు, విడిగా కొనుక్కోవాలి. కొనేముందు ఒకటి చూసుకోండి. అది టీ-90ఏ కిట్ అయితే ఫిరంగికి చెరో పక్క ఎర్రటి కళ్ళలాంటి ష్టోరా దీపాలు (శత్రు క్షిపణిని దారి తప్పించేవి) వస్తాయి. మన సైన్యం భీష్మలకు అవి లేవు, ఆ చోట గుండు తగిలితే పేలి దాని దెబ్బ తగ్గించే కవచపు ఇటుకలుంటాయి. చెన్నై పక్క ఆవడిలో తయారయ్యే బండిని చేయాలనుకుంటే ఆ దీపాలు అంటించకండి.

కోత, జిగురు

ముందు భాగాలు అంటుకుని ఉన్న ప్లాస్టిక్ ఫ్రేములను గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే రంగు పట్టదు. భాగాలను ఒకే కోతలో తీయొద్దు. కట్టర్‌తో మొదట 2 మి.మీ. ఎడంగా కత్తిరించి, మిగిలిన మొటిమను రెండోసారి కోసి, 400, తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దాలి. ఒక్క దెబ్బకు కొరికిస్తే ప్లాస్టిక్ తెల్లబారి గుంట పడుతుంది.

పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. కాబట్టి రెండు ముక్కలనూ ముందే కలిపి పట్టుకుని, అతుకు దగ్గర బ్రష్ మొన ఆనిస్తే చాలు, జిగురు తనంతట తానే లోపలికి పాకుతుంది. ఇత్తడి రేకు ముక్కలకు సూపర్ గ్లూ వాడండి. పెరిస్కోపు అద్దాలకు మాత్రం ఫెవికాలే మేలు, సూపర్ గ్లూ ఆవిరికి అద్దం మసకబారుతుంది.

గొట్టం రెండు సగాలుగా వస్తే అతుకు గీతను బల్లపరుపుగా రుద్దకండి, గుండ్రం పోతుంది. వేలెడు వెడల్పు వాటర్ పేపర్ పట్టీని గొట్టం మీదుగా వేసి, కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగాలి.

అసలు పరీక్ష చక్రాల దగ్గర. పక్కకు ఆరు, ఒక్కోటి జంట, మొత్తం 24 బిళ్ళలు. చక్రాలు మోసే చేతులకు జిగురు పెట్టి, అది పచ్చిగా ఉండగానే చక్రాలు అంటించకుండా ఊరికే తొడిగి సమతలం మీద నిలబెట్టండి. వంటగట్టుకు వేయగా మిగిలిన చీమకుర్తి గ్రానైట్ ముక్కను మించిన సమతలం లేదు. ఒక్కో చక్రం కింద పల్చటి కాగితం దూర్చి చూడండి. దూరిందంటే ఆ చక్రం గాల్లో ఉన్నట్టే, అప్పుడే సర్దాలి. మర్నాటికి సర్దబోతే చెయ్యి విరుగుతుంది, బండిది.

రంగు

కోస్తాలో మోడల్ చెడేది ఎక్కువగా ఇక్కడే. కార్తీక మాసపు ముసురులో డబ్బా స్ప్రే కొడితే గాలిలోని తేమ పట్టి రంగు మీద తెల్లటి పొగ కమ్ముతుంది. వాన వెలిసి, బట్టలు తొందరగా ఆరే రోజు దాకా ఆగండి. రోహిణి కార్తెలో కథ వేరు. మిట్టమధ్యాహ్నం కొడితే తుంపర దారిలోనే ఆరిపోయి గరుకు పొడిలా పడుతుంది. ఎండ ఎక్కకముందే పని ముగించండి.

ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) డబ్బాను రెండు నిమిషాలు కుదిపి, 20-25 సెం.మీ. దూరం నుంచి పల్చటి పొరలు కొట్టండి. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న గన్) అయితే 0.3 మి.మీ. నాజిల్, 15-18 పీఎస్‌ఐ ఒత్తిడి. టామియా అక్రిలిక్‌కు దాని సొంత థిన్నర్ సమానంగా కలిపితే నీళ్ళపాల చిక్కదనం వస్తుంది. ఇంటి రంగుల షాపులో ఇచ్చే ఎన్‌సీ థిన్నర్ జోలికి పోవద్దు, ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. ముక్కుకు మాస్కు, గదికి తెరిచిన కిటికీ తప్పనిసరి.

మొదట ఇసుక రంగు మొత్తం వేసి, ఒక రోజు ఆరాక బ్లూ టాక్ (అంటుకునే మెత్తటి ముద్ద) తాళ్ళలా చేసి అడ్డంపెట్టి పచ్చ పట్టీలు కొట్టండి. రెండు రంగుల్లోనూ కొంచెం తెలుపు కలపాలి. నిజం బండి రంగునే చిన్న బొమ్మ మీద వేస్తే ఇంకా ముదురుగా కనిపిస్తుంది. చక్రాల రబ్బరుకు నలుపు కాదు, ముదురు బూడిద రంగు.

డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు) వేసే చోట మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పదు. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ఆ తర్వాత ముదురు గోధుమ ఆయిల్ కలర్‌ను వైట్ స్పిరిట్‌లో బాగా పల్చన చేసి, బోల్టుల చుట్టూ, ఇటుకల సందుల్లో మాత్రమే దింపండి. బిగువుగా తొడిగిన ఇరుసుల దగ్గర అది నిలిస్తే ప్లాస్టిక్ పెళుసై పగులుతుంది. చివర్లో మెరుపు తగ్గించే మ్యాట్ వార్నిష్.

దుమ్ము

పెన్నా ఇసుక చల్లాలని అందరికీ బుద్ధి పుడుతుంది. ఒక మి.మీ. రేణువు ఈ స్కేలులో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి! మట్టే కావాలంటే పెనం మీద వేయించి, పల్చటి పంచెగుడ్డలో జల్లించిన పొడి వాడండి. కావలి ఎర్రమట్టి, ఒంగోలు రేగడి చూడ్డానికి బాగుంటాయి గానీ, రాజస్థాన్ ఎడారి బండికి లేత గోధుమ రంగు చాక్ పాస్టెల్ పొడే నప్పుతుంది. చక్రాలకూ మడ్‌గార్డులకూ దట్టంగా, టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే బురుజు) మీద అంటీ అంటనట్టు రాసి, పొడి నిలవడానికి వైట్ స్పిరిట్ చుక్క ఆనించండి. అది ఆరాక 6బీ పెన్సిల్ ముక్కుతో ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) లింకుల అంచులు రుద్దండి, అరిగిన ఇనుము మెరుపు అక్కడే రావాలి.