లెక్టిన్ వెలగడం లేదా? వెలగకూడని చోట వెలుగుతోందా?

లెక్టిన్లంటే చక్కెరలను పట్టుకునే ప్రోటీన్లు. వెలిగే రంగు తగిలించి వాటితో కణాలను స్టెయిన్ చేస్తాం. ఆ స్టెయినింగ్ కుదరకపోతే చాలామంది ముందు వయల్‌ని అనుమానిస్తారు. నేనైతే ముందు బఫర్, తర్వాత ప్రోటోకాల్ వరుస చూస్తాను. యాంటీబాడీ ప్రోటోకాల్‌ని యథాతథంగా లెక్టిన్‌కి వాడటం వల్ల వచ్చే ఇబ్బందులే ఎక్కువ.

పొర వెలగాల్సింది, కేంద్రకం చుట్టూ ఉంగరం కనిపిస్తోంది

గోధుమ మొలక లెక్టిన్ (డబ్ల్యుజిఎ)తో ఇది మామూలే. మొదటిసారి నాకు ప్రతి కణంలో సన్నటి, చక్కటి ఉంగరం కనిపించింది. కణం అంచు మాత్రం వెలవెలబోయింది. కారణం ట్రైటాన్ అనే డిటర్జెంట్. అది పొరకు చిల్లులు పెట్టగానే లెక్టిన్ లోపలికి వెళ్లి, కేంద్రక రంధ్రాల ప్రోటీన్ల మీదున్న ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్ అనే చక్కెరని పట్టుకుంటుంది. అది తప్పుడు సిగ్నల్ కాదు, మనకు అక్కర్లేని నిజం. అందుకే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల లెక్టిన్‌తో 10 నిమిషాలు ఉంచి, కడిగాకే ట్రైటాన్ వాడండి. ఆ తర్వాత అంచు కాస్త మసకబారొచ్చు.

బతికున్న కణాల్లో లోపల చుక్కలు కనిపిస్తే కణం లెక్టిన్‌ని మింగేస్తోందన్నమాట. ఐస్ మీద స్టెయిన్ చేయండి.

సిగ్నలే లేదు

జాక్ బీన్ గింజల లెక్టిన్ కాన్-ఎ మానోజ్ అనే చక్కెరని పట్టాలంటే క్యాల్షియం, మాంగనీస్ కావాలి. కణాలను విడదీసే ట్రిప్సిన్‌తో పాటు వచ్చిన ఇడిటిఎని (లోహాలను పట్టేసే రసాయనం) సరిగ్గా కడగకపోతే ఆ రెండింటినీ లాగేసుకుంటుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో క్యాల్షియం కలిపితే తెల్లగా అడుగున పడుతుంది, హెపీస్ బఫర్‌కి మారండి.

వేరుశనగ లెక్టిన్ పట్టకపోతే చక్కెర గొలుసు చివరుండే సియాలిక్ ఆమ్లం అడ్డుండొచ్చు. కొన్ని కణాలకు దాన్ని తీసేసే ఎంజైమ్ న్యూరమినిడేజ్ ఇచ్చి పోల్చి చూడండి. లేబుల్ ఎఫ్ఐటిసి (ఆకుపచ్చగా వెలిగే రంగు) అయితే పిహెచ్ కూడా చూసుకోండి, ఆమ్లంలో దాని వెలుగు తగ్గిపోతుంది.

స్లైడంతా మసక వెలుగు

బ్లాకింగ్‌కి సీరమో పాలపొడో వాడారా? వాటి నిండా గ్లైకోప్రోటీన్లే (చక్కెరలున్న ప్రోటీన్లు), లెక్టిన్ వాటినే పట్టుకుంటుంది. శుద్ధమైన 1 శాతం బిఎస్ఎ (ఆవు సీరం ఆల్బుమిన్) వాడండి.

మెరిసే ముద్దలు

వాడేముందు లెక్టిన్‌ని చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైద్రవమే తీసుకోండి. కణాలే గుంపు కడుతుంటే మోతాదు తగ్గించండి. ఒక్కో లెక్టిన్‌కి చక్కెరను పట్టే చోట్లు చాలా ఉంటాయి.

ఈ వెలుగు నమ్మొచ్చా?

చక్కెర కంట్రోల్ (విడి చక్కెరతో లెక్టిన్ పట్టే చోట్లు నింపి చూసే పరీక్ష) లేని బొమ్మను నేను నమ్మను. కాన్-ఎకి మిథైల్ మానోసైడ్, వేరుశనగ లెక్టిన్‌కి గెలాక్టోజ్ 200 మిల్లీమోలార్ ముందే కలిపి, అరగంట ఆగి స్టెయిన్ చేయండి. వెలుగు చాలావరకు పోవాలి. డబ్ల్యుజిఎ సియాలిక్ ఆమ్లాన్నీ పడుతుంది కాబట్టి, ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్ ఒక్కదానికే లొంగకపోతే కైటిన్ హైడ్రోలైసేట్‌తో (కైటిన్‌ని ముక్కలు చేస్తే వచ్చే చక్కెరల మిశ్రమం) ప్రయత్నించండి.