వాట్సాప్‌లో లింకు పెడితే ఫొటో రావట్లేదా? సరిచేయాల్సింది మీ పేజీలోనే

మా పిన్ని గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. పోయిన వేసవిలో కొత్త ఆవకాయ జాడీలకెక్కగానే, అప్పుడే చేయించుకున్న వెబ్‌సైటు లింకు తీసుకెళ్లి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. లింకు కింద ఫొటో లేదు, పచ్చళ్ల పేరు లేదు, బూడిదరంగు పెట్టెలో "హోమ్" అని ఒక్క మాట, దాని కింద సైటు అడ్రసు, అంతే. అరగంట తిరక్కుండానే డాలస్ నుంచి మా అన్నయ్య ఫోన్: "పిన్నీ, నీ ఫోనేమైనా హ్యాక్ అయిందా, ఏదో లింకొచ్చింది, నొక్కాలా వద్దా?" కరెంటు బిల్లు పేరుతో, కొరియర్ పేరుతో దొంగ లింకులు రోజూ వస్తున్న కాలం, మొహం లేని లింకంటే జనానికి భయం ఉంటుంది, అందులో వాళ్ల తప్పేం లేదు.

సైటు చేసిపెట్టినాయన్ని అడిగితే "అదంతా వాట్సాప్ వాళ్ల చేతిలో ఉంటుందండీ" అన్నాడు. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను, అందుకే ఇదంతా రాస్తున్నాను. వాట్సాప్ చేతిలో ఉన్నది తక్కువ. లింకు కింద ఏ ఫొటో, ఏ పేరు, ఏ రెండు ముక్కలు కనిపించాలో చెప్పేది మీ పేజీ కోడ్‌లో పైన ఉండే నాలుగైదు లైన్లు. అవి ఉంటే మీరు చెప్పిందే కనిపిస్తుంది, లేకపోతే ఆ యాప్ తనకు దొరికిందేదో తీసి అతికిస్తుంది. పిన్ని సైటులో హోమ్ పేజీ టైటిల్ "హోమ్" అని ఉంది, పాపం వాట్సాప్ దాన్నే చూపించింది.

ఈ లైన్లను ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు అంటారు. 2010లో ఫేస్‌బుక్ తెచ్చిన పద్ధతి ఇది, తర్వాత వాట్సాప్, లింక్డ్‌ఇన్, టెలిగ్రామ్, ఎక్స్ (పాత ట్విటర్) అన్నీ వీటినే చదవడం మొదలుపెట్టాయి, కాబట్టి ఒక్కసారి సరిగ్గా రాస్తే దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది. ఇంకో సంగతి, ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో లింకు పెట్టేటప్పుడు పేజీ నడిపేవాళ్లు అక్కడికక్కడే టైటిలూ ఫొటో మార్చేసుకునేవాళ్లు. తప్పుడు వార్తలకు దాన్ని వాడుకుంటున్నారని 2017లో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు మార్చుకోవాలంటే సొంత సైటులో మార్చుకోవాల్సిందే.

కోడ్‌లో వీటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, ఇక్కడ మాత్రం పలికినట్టు రాస్తున్నాను. ప్రతి ట్యాగూ ఓజీ అని మొదలై, కోలన్ పెట్టి, తర్వాత అసలు పేరు ఉంటుంది. ఓజీ:టైటిల్, ఓజీ:టైప్, ఓజీ:ఇమేజ్, ఓజీ:యూఆర్ఎల్, ఈ నాలుగూ తప్పనిసరి. ఓజీ:డిస్క్రిప్షన్ తప్పనిసరి కాదంటారు గానీ నా మాట విని అది కూడా రాయండి. ఇవన్నీ పేజీ కోడ్‌లో మొదట ఉండే, తెర మీద కనిపించని హెడ్ భాగంలో, మెటా ట్యాగులుగా, వీలైనంత పైన ఉండాలి.

టైటిల్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. చిన్న ఫోన్లో టైటిల్ మధ్యలోనే తెగిపోతుంది, కాబట్టి అసలు మాట ముందుండాలి. పిన్ని ఆవకాయ పేజీకి మొదట "స్వాగతం, మా ఇంటి సంప్రదాయ రుచులకు..." అని ఉండేది, తెగిపోయాక మిగిలింది స్వాగతం ఒక్కటే. దాన్ని "గుంటూరు ఆవకాయ, కొత్త కారంతో, అరకిలో నుంచి" అని మార్చాం. సైటు పేరు టైటిల్లో ఇరికించక్కర్లేదు, దానికి ఓజీ:సైట్‌నేమ్ అని విడిగా ఉంది. డిస్క్రిప్షన్‌లో టైటిల్‌నే తిప్పి రాయకండి. కొనేవాడికి వచ్చే మొదటి అనుమానానికి జవాబు రాయండి. మా వాళ్లందరూ అడిగేది నూనె గురించే, అందుకే "నువ్వుల నూనెతో, వెల్లుల్లి వేసినదీ వేయనిదీ రెండు రకాలు" అని పెట్టాం.

యూఆర్ఎల్ ట్యాగు చూడ్డానికి చిన్నదే, కొంప ముంచేది కూడా అదే. ఆ పేజీ అసలు అడ్రసేదో అక్కడ రాయాలి. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి కాపీ కొట్టేటప్పుడు హోమ్ పేజీ అడ్రసు అలాగే ఉండిపోతుంది, అప్పుడు మీరు గోంగూర పేజీ లింకు పెట్టినా ఫేస్‌బుక్ హోమ్ పేజీకి వెళ్లి దాని ఫొటో తెచ్చి చూపిస్తుంది. "ఏ లింకు పెట్టినా ఒకే బొమ్మ వస్తోంది" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది దీన్నే.

ఇక ఫొటో. 1200 బై 630 పిక్సెళ్ల సైజులో చేసుకోండి, ఫేస్‌బుక్ సూచించే సైజు అదే, మిగతాచోట్లా బాగానే కుదురుతుంది. జేపీజీ గానీ పీఎన్‌జీ గానీ వాడండి, ఎస్‌వీజీ వద్దు. ఫేస్‌బుక్ 8 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది కానీ వాట్సాప్ అంత బరువు మోయదు, నేనైతే 300 కేబీ దాటనివ్వను. కెమెరా నుంచి తీసిన 6 ఎంబీ ఫొటోని నేరుగా పెట్టేసి "ఫేస్‌బుక్‌లో వస్తోంది, వాట్సాప్‌లో రావట్లేదు" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది, కారణం చాలాసార్లు బరువే. ఫొటో అడ్రసు కూడా హెచ్‌టీటీపీఎస్ దగ్గర్నుంచి పూర్తిగా రాయాలి, సగం అడ్రసు రాస్తే బ్రౌజర్ అర్థం చేసుకుంటుందేమో గానీ ఈ యాప్‌లు చేసుకుంటాయన్న నమ్మకం లేదు. ఇమేజ్ వెడల్పు, ఎత్తు చెప్పే రెండు ట్యాగులున్నాయి, అవీ రాయండి. అవి లేకపోతే ఫేస్‌బుక్‌లో మొట్టమొదట షేర్ చేసినవాళ్లకి ఫొటో రాకుండా పోయే అవకాశం ఉంది, ఎందుకంటే సైజు తెలియాలంటే అది ఆ ఫొటోని ముందు దించుకుని చూసుకోవాలి.

వాట్సాప్ కొన్నిసార్లు పెద్ద ఫొటో బదులు పక్కన చిన్న చదరపు ముక్క చూపిస్తుంది. 1200 బై 630 ఫొటోని చదరంగా కోస్తే రెండు పక్కలా 285 పిక్సెళ్ల చొప్పున పోతాయి. మా మొదటి ఫొటోలో జాడీ ఎడం పక్కన, పేరు కుడి పక్కన ఉండేవి, చదరంలో మిగిలింది మధ్యలోని మేజాబల్ల గుడ్డ. జాడీని నడిమధ్యకి తెచ్చి మళ్లీ తీశాం.

ఫొటో మీద తెలుగు అక్షరాలు వేసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ప్రతి పేజీకీ బొమ్మని ప్రోగ్రామ్‌తోనే తయారుచేయించే పద్ధతి ఒకటుంది, ఇంగ్లీషుకి బ్రహ్మాండంగా ఉంటుంది, తెలుగుకి ఒత్తుల దగ్గర చెడిపోతుంది. ఇలా బొమ్మలు తయారుచేసే లైబ్రరీలు పీహెచ్‌పీలో జీడీ, పైథాన్‌లో పిల్లో. జీడీని గానీ, రాక్మ్ (అక్షరాలను సరిగ్గా అమర్చే ఇంకో లైబ్రరీ) లేకుండా పిల్లోని గానీ వాడితే అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చేస్తాయి, ఒత్తుని కిందికి దించాలని వాటికి తెలియదు. "నువ్వుల నూనె" కాస్తా "నువ్‌వుల నూనె" అయి కూర్చుంటుంది. పిల్లోకి రాక్మ్ కలిపితే సరిగ్గా వస్తుంది. లేదా అక్షరాలు బ్రౌజర్లోనే వేయించి దాని స్క్రీన్‌షాట్ తీసుకోండి, బ్రౌజర్‌కి తెలుగు బాగా వచ్చు. ఫాంటు రామభద్ర లాంటి లావుది వాడితే చిన్న బొమ్మలోనూ చదవగలం. ఏ దారిలో చేసినా, బొమ్మ తయారయ్యాక ఒత్తులన్నీ కళ్లతో చూసుకోకుండా బయటికి వదలకండి, తప్పు తెలుగుతో మన పేరు ఊరంతా తిరగడం కంటే అక్షరాలు లేని ఫొటో నయం.

అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని ఫాంట్లు) టైపు చేసిన పాత పాంప్లెట్ల నుంచి మాటలు తెచ్చి ట్యాగుల్లో పెట్టినా అంతే, అక్కడ పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకుని పెట్టండి, పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అని చెప్పే లైను ఉందో లేదో చూసుకోండి.

లింకు అడ్రసులో మాత్రం తెలుగు వద్దనే అంటాను, భాష మీద ప్రేమ లేక కాదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, అడ్రసులోకి వెళ్లేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. "ఆవకాయ"లో ఆ, వ, క, దీర్ఘం, య మొత్తం 5 గుర్తులు, అంటే ఒక్క మాటకే 45 అక్షరాలు. కాపీ చేసి గ్రూపులో పెడితే శాతం గుర్తుల దండ నాలుగు లైన్లు పరుచుకుంటుంది, మళ్లీ దొంగ లింకులాగే ఉంటుంది. అడ్రసు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఉంచండి, తెలుగు అంతా టైటిల్లో చూపించండి.

కోడ్ ముట్టుకోకుండా

వర్డ్‌ప్రెస్ అయితే యోస్ట్ గానీ ర్యాంక్‌మ్యాథ్ గానీ ప్లగిన్ ఉంటే పోస్టు కిందే సోషల్ అనే భాగం ఉంటుంది, అక్కడ ఫొటో, టైటిల్ పెట్టేయొచ్చు. రెండు ప్లగిన్లు పెట్టుకుని రెండూ ట్యాగులు రాస్తుంటే గందరగోళం, ఒకదాన్ని ఆపేయండి. బ్లాగర్‌లో పోస్టులోని మొదటి ఫొటోనే వెళ్తుంది, కాబట్టి చూపించాల్సింది మొదట పెట్టండి. షాపిఫైలో మొత్తం కొట్టుకి ఒక షేరింగ్ ఫొటో ప్రిఫరెన్సెస్‌లో పెట్టుకోవచ్చు.

పేజీని బ్రౌజర్లో జావాస్క్రిప్ట్‌తో తయారుచేసే రియాక్ట్ లాంటి వాటితో సైటు చేసినవాళ్లకి వేరే చిక్కు. ఈ యాప్‌లు పంపే బాట్లు (పేజీని చదివి వెళ్లే ప్రోగ్రాములు) సాధారణంగా జావాస్క్రిప్ట్ నడపవు, సర్వరు మొదట ఇచ్చిన పేజీలో ఏముందో అదే చదువుకుని వెళ్లిపోతాయి. మీరు బ్రౌజర్లో ఇన్‌స్పెక్ట్ నొక్కి చూస్తే ట్యాగులన్నీ ఉంటాయి, ఎందుకంటే అప్పటికి జావాస్క్రిప్ట్ నడిచేసింది. అలా చూడకండి. కంట్రోల్ యూ నొక్కి వ్యూ సోర్స్‌లో ఓజీ అని వెతకండి, అక్కడ లేకపోతే వాట్సాప్‌కీ లేనట్టే. సర్వరు దగ్గరే పేజీ తయారయ్యేలా చేయించుకోవాలి, లేదా కనీసం ఈ ట్యాగులైనా సర్వరు నుంచే వచ్చేలా చూడమని డెవలపర్‌కి చెప్పండి.

ఎక్స్ కోసం ఒక్క లైను అదనం: ట్విటర్:కార్డ్ అనే ట్యాగుకి సమ్మరీ లార్జ్ ఇమేజ్ అనే విలువ ఇవ్వండి, పెద్ద ఫొటో వస్తుంది. ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల్లో ప్రాపర్టీ అని రాస్తాం, దీనికి మాత్రం నేమ్ అని రాయాలి. మిగతావి ఓజీ ట్యాగుల నుంచే తీసుకుంటుంది.

మార్చినా పాతదే వస్తుంటే

అన్నీ మార్చాక కూడా పాత "హోమ్" పెట్టే కనిపిస్తే కంగారు పడకండి, మొదటిసారి చదివింది వాళ్లు దాచుకుని ఉంటారు. ఫేస్‌బుక్‌కి షేరింగ్ డీబగ్గర్ అనే పేజీ ఉంది, లింకు వేసి స్క్రేప్ అగైన్ నొక్కితే మళ్లీ చదువుతుంది, ఏ ట్యాగు లేదో కూడా చెప్తుంది. లింక్డ్‌ఇన్‌కి పోస్ట్ ఇన్‌స్పెక్టర్, టెలిగ్రామ్‌కి వెబ్‌పేజ్‌బాట్ ఉన్నాయి. వాట్సాప్‌కి అలాంటిది లేదు. దానికి చిట్కా, లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి వీ=2 అని కలిపి పంపడం, అది కొత్త అడ్రసనుకుని కొత్తగా చదువుతుంది. ఫొటో మార్చినప్పుడు ఫైలు పేరు కూడా మార్చండి, ఎందుకంటే ఫొటోల్ని పేరు చూసే దాచుకుంటారు. ఇప్పటికే పంపేసిన మెసేజ్‌లో పెట్టె మాత్రం మారదు, తీసేసి మళ్లీ పంపాల్సిందే.

వాట్సాప్‌లో ఆ పెట్టెని తయారుచేసేది పంపేవాళ్ల ఫోనే. లింకు అతికించగానే టక్కున పంపేస్తే ఫోనుకి పేజీ చదివే టైమే దొరకదు, నెట్ నెమ్మదిగా ఉన్నచోట మరీను. పైన ఫొటో కనిపించేదాకా రెండు మూడు సెకన్లు ఆగి అప్పుడు పంపమని పిన్నికి చెప్పాను. సగం బాధ దీంతోనే పోయింది. ఒక్క ఫోన్లోనే అస్సలు రావట్లేదంటే ఆ ఫోన్ ప్రైవసీ సెట్టింగుల్లో, అడ్వాన్స్‌డ్‌లో లింకు ప్రివ్యూలు ఆపేసి ఉన్నాయేమో చూడండి.

ఒక్క ఫేస్‌బుక్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో ఖాళీగా వస్తుంటే సర్వరు వాళ్ల బాట్లని దొంగలనుకుని ఆపేస్తోందేమో అడగండి. బాట్లు ఏవి చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలులో గానీ, సర్వరుకి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో గానీ దొరుకుతుంది కారణం. ఆర్డరు వివరాలు, పెళ్లి పిలుపులు, ఇంటి అడ్రసులు ఉన్న పేజీల్లో మాత్రం టైటిల్లో పేర్లూ ఫోన్ నంబర్లూ పెట్టకండి, ఆ లింకు ఏ గ్రూపులోకి వెళ్తే అక్కడ తెరవకుండానే అందరికీ కనిపిస్తాయి.

పిన్ని సైటులో ఒక్కో పచ్చడికి ఒక్కో ఫొటో పెట్టడం దాదాపు అయిపోయింది. మాగాయ పేజీ ఒక్కటి మిగిలింది, ముక్కలు ఇంకా మేడ మీద ఎండుతున్నాయి, జాడీకెత్తాక తీస్తానంది. అప్పటిదాకా ఆ పేజీకి ఆవకాయ జాడీ ఫొటో పెట్టొద్దని, ఎండలో చాప మీద ఆరబెట్టిన ముక్కల ఫొటోనే పెడదామని చెప్పాను.