డాబా మీద మూకీ కామెడీ షో: ముందు స్పీడు, తర్వాతే స్పీకర్లు

విశాఖలో డాబా మీద సినిమా వేయడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. తుపాన్ల గొడవ దాదాపు సద్దుమణుగుతుంది. డిసెంబరు మొదట్లో ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు కాబట్టి ఆరుంపావుకల్లా తెర మీద బొమ్మ నిలబడుతుంది. అదే మే నెలలో అయితే ఏడు దాటాలి. అప్పటికి పిల్లల ఓపిక అయిపోతుంది.

నలభై యాభై మంది కాలనీ జనానికి రెండు రీళ్ల, అంటే ఇరవై పాతిక నిమిషాల, మూకీ కామెడీలకు మించినవి లేవు. మాటల్లేవు కాబట్టి తాతగారూ నవ్వుతారు, మనవడూ నవ్వుతాడు. నవ్వకపోతే మాత్రం తప్పు చాప్లిన్‌ది కాదు, వేసినవాళ్లదే. బొమ్మ పరిగెత్తే వేగం తేడాగా ఉంటుంది, లేదా ఫ్రేములో కాళ్లు తెగిపోతాయి, లేదా వాయించేవాళ్లు క్షణం ఆగరు. ఈ మూడూ చూసుకుంటే మిగతాది సినిమాయే చూసుకుంటుంది.

ఏవి వేయాలి

మొత్తం గంటా పావు దాటనివ్వకండి. మొదట 1914 నాటి ‘కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్’ వేయండి. ఆరేడు నిమిషాలే. పిల్లల బండ్ల పందెం తీస్తున్న కెమెరాకి ఒకడు అడ్డం వస్తూనే ఉంటాడు, ఎన్నిసార్లు నెట్టేసినా మళ్లీ వస్తాడు. కథ అంతే. టోపీ, చేతికర్ర, జారిపోయే ప్యాంటు వేషంలో చాప్లిన్‌ని ప్రేక్షకులు మొదట చూసింది ఇందులోనే. ఆలస్యంగా వచ్చినవాళ్లు కుర్చీ వెతుక్కునేలోగా అయిపోతుంది, ఎవరికీ నష్టం లేదు.

రెండోది 1917 నాటి ‘ది ఇమిగ్రెంట్’, సుమారు ఇరవై నాలుగు నిమిషాలు. మొదటి సగం ఓడలో, రెండో సగం హోటల్లో. ఓడ రైలింగు మీద వాలిపోయి వణుకుతున్న చాప్లిన్ వీపు కనిపిస్తుంది. సముద్రం పడక వాంతి అనుకుంటాం. ఇటు తిరిగేసరికి చేతిలో చేప! పోర్టు ఊళ్లో ఈ ఒక్క షాటుకే టికెట్ డబ్బులు వచ్చేసినట్టు. హోటల్ సగంలో సర్వరుగా చేసిన ఎరిక్ క్యాంప్‌బెల్ కనుబొమ్మల్ని గమనించమని పిల్లలకి ముందే చెప్పండి. చాప్లిన్ భయం అంతా ఆయన ఒళ్లూ ఆ కనుబొమ్మలూ పుట్టించిందే.

ఇక్కడ పది నిమిషాలు విరామం. మురీ మిక్స్‌చర్ పొట్లాలు ఇప్పుడే పంచండి. సినిమా నడుస్తుండగా ఇస్తే చూపులన్నీ పొట్లాల్లోనే ఉంటాయి, ఈ సినిమాల్లో రెండు సెకన్లు తల దించినా ఒక నవ్వు పోయినట్టే.

విరామం తర్వాత లారెల్–హార్డీల ‘బిగ్ బిజినెస్’ (1929), పంతొమ్మిది నిమిషాలు. క్రిస్మస్ చెట్లు అమ్మడానికి వెళ్లి ఇంటాయనతో తగువు పడతారు. ఆయన వీళ్ల కారు విరగ్గొడతాడు, వీళ్లు ఆయన ఇల్లు పీకుతారు. ఒకళ్లు పగలగొడుతుంటే రెండోవాళ్లు ఆపకుండా నిలబడి చూస్తారు, తర్వాత తమ వంతు. ఆ మర్యాదలోనే ఉంది నవ్వంతా. చివర బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ (1920).

కీటన్‌దే ‘కాప్స్’ (1922) కూడా గొప్పదే కానీ సమాధి రాయి మీద టోపీతో ముగుస్తుంది, జనాన్ని ఆ బొమ్మతో ఇంటికి పంపకండి. ‘ది ప్లేహౌస్’ (1921)లో ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లను అనుకరించే భాగం ఉంది. పిల్లలు ఉన్నచోట ముందు మీరు చూసి తేల్చుకోండి. హెరాల్డ్ లాయిడ్ ‘నెవర్ వీకెన్’ (1921) ఎత్తైన ఇనప దూలాల మీద నడుస్తుంది. పిట్టగోడ ఎక్కే అలవాటున్న పిల్లలుంటే దాన్ని డాబా మీద కాకుండా కింద హాల్లో వేసుకోవడం మేలు.

స్పీడు

ఆ రోజుల్లో కెమెరాని చేత్తో తిప్పేవారు. వేగం సెకనుకి 16 ఫ్రేముల నుంచి 24 దాకా మారుతూ ఉండేది, మాటల సినిమా వచ్చాకే 24 స్థిరపడింది. వెయ్యి అడుగుల రీలుని 16 వేగంలో వేస్తే 16 నిమిషాల 40 సెకన్లు, 20లో 13 నిమిషాల 20 సెకన్లు, 24లో 11 నిమిషాల 7 సెకన్లు. అందుకే ఒకే సినిమా ఒకచోట పంతొమ్మిది నిమిషాలు, ఇంకోచోట పాతిక నిమిషాలు ఉంటుంది. కోత పడిందని కంగారు పడకండి.

దొరికిన ఫైలు సరిచేసిందో కాదో ఇలా తెలుస్తుంది. వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో తెరిచి ఆపి, కీబోర్డు మీద ‘ఇ’ అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమే జరపండి. 24 ఫ్రేముల ఫైలులో ప్రతి ఆరింటిలో ఒకటి కదలకుండా రెండోసారి వస్తే అది 20కి, నాలుగింటిలో ఒకటి అయితే 18కి, మూడింటిలో ఒకటి అయితే 16కి సరిచేసిన కాపీ. దాన్ని ముట్టుకోవద్దు. ఏ ఫ్రేమూ తిరిగి రాకుండా, మనుషులు చీమల్లా పరుగులు పెడుతుంటే ప్లేబ్యాక్ మెనూలో స్పీడు తగ్గించండి. 20 కావాలంటే 0.83, 18 కావాలంటే 0.75.

ఎంత తగ్గించాలన్నది హీరోని చూసి తేల్చకండి. వెనక రోడ్డు మీద పోయే మామూలు మనుషుల్ని, పొగని, నీళ్లని చూడండి. నవ్వు కోసం కెమెరా హ్యాండిల్‌ని కావాలనే నెమ్మదిగా తిప్పి తీసిన దృశ్యాలు ఈ సినిమాల్లో బోలెడు, హీరో కాస్త వేగంగా కదలాల్సిందే. పూర్తిగా సహజమైన నడకకి తెస్తే పడిపోవడం పడిపోవడంలా ఉండదు, పడుకోబోతున్నట్టు ఉంటుంది. సందేహం వస్తే కొంచెం వేగమే ఉంచండి. 1914 నాటిది 18 దగ్గర, 1917 నాటిది 20 దగ్గర మొదలుపెట్టి చూడండి. 1929 నాటి లారెల్–హార్డీ జోలికి పోనక్కర్లేదు. స్పీడు మార్చిన ఫైలులో సంగీతం కూడా సాగుతుంది, కాబట్టి మ్యూట్ చేసేయండి.

బొమ్మ కొలత, తెర, గాలి

ఈ సినిమాల ఫ్రేము 4:3, అంటే నాలుగు పాళ్ల వెడల్పుకి మూడు పాళ్ల ఎత్తు. ప్రొజెక్టరు దాన్ని 16:9కి సాగదీస్తే చాప్లిన్‌కి పొట్ట వస్తుంది. ‘జూమ్’ పెడితే పైనా కిందా తెగి బూట్లు పోతాయి, బూట్లు పోతే సగం సినిమా పోయినట్టే. సెట్టింగ్స్‌లో 4:3 ఎంచుకోండి.

దూరం లెక్కలో చాలామంది బోల్తా పడతారు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు బొమ్మ కావాలి, ప్రొజెక్టరు త్రో రేషియో (తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 అనుకోండి. ఎనిమిదిని ఒకటిన్నరతో గుణించి పన్నెండు అడుగుల్లో పెడతారు, తీరా బొమ్మ ఆరడుగులే వస్తుంది. ప్రొజెక్టరు లోపల బొమ్మ పుట్టించే వెడల్పాటి 16:9 ప్యానెల్లో 4:3 బొమ్మ ముప్పావు వంతే వాడుకుంటుంది. లెక్క ప్యానెల్ పూర్తి వెడల్పుకి కట్టాలి: పదిన్నర అడుగుల పైచిలుకు, అంటే పదహారు అడుగుల దూరం. వీధి లైటు వెలుగు పడే డాబా అయితే ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) 2000కి తగ్గకుండా చూసుకోండి. డబ్బా మీద పెద్ద అంకె వేసి ఏఎన్‌ఎస్‌ఐ అని రాయనివాటిని నమ్మకండి.

తెరగా అన్నిటికన్నా మంచిది సున్నం వేసిన మెట్ల గది గోడ. అలాంటి తెల్లటి గోడ లేకపోతేనే గుడ్డ. ఇక్కడ సాయంత్రం సముద్రపు గాలి గంటకి 20 కిలోమీటర్లు వీచినా, ఆ 48 చదరపు అడుగుల గుడ్డని ఎనిమిది పది కిలోల బరువుతో లాగుతుంది. నాలుగు మూలలే కడితే మధ్యలో ఓడ తెరచాపలా ఉబ్బుతుంది. ‘ది ఇమిగ్రెంట్’లో ఓడ ఊగేది చాలావరకు కెమెరాని ఊపి తీసింది. తెర కూడా దాంతో పాటు ఊగితే ఏ ఊపు ఎవరిదో తెలియదు. అడుగుకో కంత కొట్టించి, కర్ర చట్రానికి నాలుగు వైపులా తాడుతో బిగించండి. చట్రాన్ని గోడకి ఆనించి, గాలి ఎదురుగా వచ్చి గుడ్డని గోడకేసి నొక్కేలా పెట్టండి. వెనక నుంచి గాలి దూరేలా పెడితే ఎంత బిగించినా లాభం లేదు.

ఏసీ గదిలోంచి ప్రొజెక్టరుని నేరుగా డాబా మీదికి తెస్తే లెన్సు మీద తేమ పట్టి బొమ్మ మసకబారుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. సంచిలోనే ఉంచి అరగంట బయట వదిలేసి, తర్వాత తీయండి.

వాయింపు, టైటిల్ కార్డులు

ఒక కీబోర్డు లేదా హార్మోనియం, పక్కన తబలా లేదా డోలక్ చాలు. పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించే కుర్రాళ్లకి ఇది ఇట్టే వస్తుంది, కానీ వాళ్లకి ఒకే జబ్బు: తెర మీద ఎవరు పడినా ప్రతిసారీ ఒక దెబ్బ వేస్తారు. నాలుగోసారికి జనం నవ్వడం మానేస్తారు. సినిమా మొత్తానికి అలాంటి దెబ్బలు మూడు మించకూడదని ముందే ఒప్పించండి. పరుగుల సీనులో మొదటే లయ పెంచేస్తే చివరికి వెళ్లడానికి చోటుండదు. ఒకే నడకలో పట్టుకుని ఉండాలి.

‘వన్ వీక్’ని కనీసం రెండుసార్లు వాళ్లతో వేసి చూడండి. పెట్టెల్లో వచ్చిన ఇంటిని కొత్త జంట కీటన్, సిబిల్ సీలీ బిగించుకుంటారు. పెట్టెల మీద అంకెల్ని ఒకడు అసూయతో మార్చేస్తాడు, ఇల్లు వంకరగా లేస్తుంది. ఆఖర్న ఆ ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు దూసుకొస్తుంటే వాయింపు పెంచుకుంటూ పోయి, ఆ రైలు పక్క పట్టాల మీద నుంచి వెళ్లిపోయిన క్షణంలో చేతులు పూర్తిగా తీసేయాలి. జనం ఊపిరి వదులుతారు. ఆ నిశ్శబ్దంలోనే రెండో రైలు ఎదురు వైపు నుంచి వచ్చి ఇంటిని తుక్కు చేస్తుంది. అక్కడా వాయించకూడదు, నవ్వుల మోతకి చోటివ్వాలి. తబలా ఒక్కటి తొందరపడి మోగినా రెండో రైలు సంగతి ముందే తెలిసిపోతుంది.

వాయించేవాళ్లు దొరక్క రికార్డు పాటలే వేస్తే బ్లూటూత్ స్పీకరు వద్దు, తీగతో కలపండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యమవుతుంది, పడ్డాక కాసేపటికి దెబ్బ వినిపిస్తుంది.

బొమ్మల మధ్య అక్షరాలతో వచ్చే టైటిల్ కార్డుల్ని ఒకరు తెలుగులో పైకి చదవాలి. మన దేశంలో మూకీల కాలంలో హాళ్లలో ఇలా చదివేవాళ్లు ఉండేవారు. కార్డులన్నీ ముందే వరస అంకెలతో కాగితం మీద రాసుకోండి, ఒక్కోటి ఆరేడు మాటలకి కుదించండి. బొమ్మ మళ్లీ మొదలయ్యేలోపు చదవడం అయిపోవాలి. చదివేవాళ్లు వ్యాఖ్యానం చెయ్యకూడదు, ‘ఇప్పుడు చూడండి’ అసలే అనకూడదు. ‘వన్ వీక్’లో రోజులు మారేది క్యాలెండరు కాగితాలతో తెలుస్తుంది, వాటికి వారం పేరు ఒక్కటి చెబితే చాలు.

హక్కుల సంగతి: మన చట్టం ప్రకారం సినిమా విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు దాటితే కాపీరైట్ తీరిపోతుంది, ఈ నాలుగూ ఎప్పుడో దాటేశాయి. కొత్తగా కట్టిన సంగీతానికి మాత్రం వేరే హక్కులుంటాయి, మ్యూట్ చేసి సొంతంగా వాయించుకోవడానికి అదొక కారణం కూడా. టికెట్ పెట్టి బయటి జనాన్ని పిలిస్తే సెన్సార్ సర్టిఫికెట్ నిబంధనలు వస్తాయి, ముందే కనుక్కోండి.

షో అయ్యాక ప్రొజెక్టరు ఫ్యాను తనంతట తాను ఆగేదాకా ప్లగ్ పీకకండి. లెన్సు మూత పెట్టి, ప్రొజెక్టరు ఒంటి మీద పట్టిన ఉప్పు తేమని మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, సిలికా పొట్లాలు వేసిన సంచిలో పెట్టండి.