ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీలను పోల్చడం: వెనుక వరుస నుంచి మొదలుపెట్టే పద్ధతి

ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనదలచిన వారు షోరూమ్‌లో అడుగుపెట్టగానే డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుంటారు. తెర ఎంత పెద్దదో, సన్‌రూఫ్ ఎంతవరకు తెరుచుకుంటుందో చూస్తారు. కంపెనీలన్నీ ఎక్కువ ఖర్చుపెట్టి ముస్తాబు చేసేది ఆ ముందు భాగాన్నే కాబట్టి, అక్కడ కూర్చున్నంతసేపు ఏ బండి అయినా బాగానే కనిపిస్తుంది. ఐదు సీట్ల బండిని కాదని అదనంగా డబ్బు పెట్టడానికి అసలు కారణం మూడో వరుస, దాని వెనుక మిగిలే సామాను చోటు. అందువల్ల పోటీ కంపెనీల బండ్లను వెనుక నుంచి ముందుకు పోల్చుకుంటూ రావడమే సరైన క్రమమని నా అభిప్రాయం.

దేన్ని దేనితో పోల్చాలో ముందుగా తేల్చుకోవాలి. అమెరికాలో ఫుల్‌సైజ్ అనిపించుకునే షెవర్లే టాహో, ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ 5.3 మీటర్ల పొడవు దాటుతాయి. మన దేశంలో ఆ మాటను 4,795 మిల్లీమీటర్ల టొయోటా ఫార్చ్యూనర్‌కు, 4,985 మిల్లీమీటర్ల ఎంజీ గ్లోస్టర్‌కు వాడుతున్నారు. అంతకంటే తక్కువ ధరలో టాటా సఫారీ, మహీంద్రా ఎక్స్‌యూవీ 700, స్కార్పియో-ఎన్ ఉన్నాయి. ఈ మూడింటి పొడవు 4,660 నుంచి 4,700 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది. జీప్ మెరిడియన్, స్కోడా కొడియాక్ ఈ రెండు తరగతుల నడుమ నిలుస్తాయి. టొయోటా ఇన్నోవా హైక్రాస్ ఎస్‌యూవీ కంటే ఎంపీవీకి (ఎక్కువమంది కూర్చునేలా చేసిన కుటుంబ బండికి) దగ్గరగా ఉంటుంది గానీ, ఇంటిల్లిపాదీ తిరగడానికే బండి కొనేవారు దాన్ని జాబితాలో పెట్టకపోతే పోలిక సగమే అవుతుంది. ఒక కంపెనీ ఖరీదైన వేరియంట్ ధరకే మరో కంపెనీ కింది వేరియంట్ వస్తుంది కాబట్టి, బండి పేర్లు కాక వేరియంట్ పేర్లు పక్కపక్కన రాసుకుని చూడాలి.

ఆ తర్వాత ఇంట్లో వారందరినీ వెంటబెట్టుకుని షోరూమ్‌కు వెళ్లాలి. నాయనమ్మ, తాతయ్య, ఎదిగిన పిల్లలు ఎవరి చోట్లో వారు కూర్చున్నాక గాని మూడో వరుస సంగతి బయటపడదు. మొదట రెండో వరుస సీటును, అందులో పొడగరి కూర్చుని ఉండగానే, అతని మోకాళ్లకు సరిపడేంత వెనక్కు జరపాలి. మిగిలిన చోటే మూడో వరుసకు దక్కేది. ఈ పని చేయకుండా సీటును ముందుకు జరిపి చూపించడం షోరూముల్లో మామూలే. మూడో వరుసలో కూర్చున్నవారి తొడలు సీటుకు ఆనుతున్నాయా, లేక మోకాళ్లు ఛాతీ వైపు లేస్తున్నాయా అన్నది చూడాలి. ఫార్చ్యూనర్ వంటి లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం మీద బాడీని కూర్చిన) బండ్లలో నేల ఎత్తుగా ఉండటం వల్ల వెనుక కూర్చున్నవారి మోకాళ్లు పైకి లేస్తాయి; పది నిమిషాల్లో ఇబ్బంది తెలియదు, వరంగల్ నుంచి హైదరాబాద్ దాకా వెళ్లేసరికి నడుము చెబుతుంది. ఇన్నోవా హైక్రాస్ 2,850 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌తో (ముందు, వెనుక చక్రాల మధ్య దూరంతో) ఈ విషయంలో మిగతావాటి కంటే మెరుగు.

ఎక్కడం, దిగడం కూడా పరీక్షించదగినవే. చీర కట్టుకున్న పెద్దావిడ మూడో వరుసలోకి ఎలా వెళ్తారో చూడాలి. సఫారీ ఆరు సీట్ల వేరియంట్‌లో విడివిడిగా ఉండే రెండు కెప్టెన్ సీట్ల మధ్య నుంచి నడిచి వెళ్లవచ్చు; బెంచ్ సీటు ఉన్న బండ్లలో ఒక పక్క సీటును మడిచి ఎక్కాలి. మడత సులువుగా తిరుగుతుందో లేదో మీ ఇంట్లో అందరికంటే బలహీనులైన వారి చేత తిప్పించి చూడండి. మోకాళ్ల నొప్పులున్నవారు ముందు వరుసల్లో కూర్చుంటారులే అనుకున్నా, వారికీ ఫుట్‌బోర్డు ఎత్తు, పట్టుకునే హ్యాండిల్ ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి మూడో వరుసకు ఏసీ గాలి వచ్చే రంధ్రాలు ఉంటే చాలదు. ఎండలో నిలిపిన బండిని మధ్యాహ్నం రెండు గంటలకు స్టార్ట్ చేయించి, వెనుక కూర్చున్నవారికి చల్లదనం ఎంతసేపట్లో అందుతుందో గడియారం చూసి రాసుకోండి. అన్ని బండ్లలోనూ ఒకే రకంగా చేయగల పరీక్ష ఇది.

సామాను చోటు దగ్గర లెక్కలు మరీ మోసం చేస్తాయి. ప్రకటనల్లో కనిపించే లీటర్ల సంఖ్య చాలాసార్లు మూడో వరుసను మడిచినప్పటిది. అన్ని సీట్లూ నిలబెట్టినప్పుడు సఫారీలో మిగిలేది 73 లీటర్లు, మెరిడియన్‌లో 170, ఫార్చ్యూనర్‌లో 296, ఇన్నోవా హైక్రాస్‌లో 300. అంటే సఫారీలో ఏడుగురు కూర్చుంటే రెండు చేతి సంచులకు మించి పట్టదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కుటుంబమంతా వంట గిన్నెలు, బెల్లం, పక్కబట్టలు వేసుకుని బయలుదేరే ఇంటివారికి బండి పైన క్యారియర్ కట్టించక తప్పదు. ఆ ఖర్చు, దానివల్ల తగ్గే మైలేజీ కూడా పోలికలోకి రావాలి. ఫార్చ్యూనర్ మూడో వరుస సీట్లు నేలలోకి మడవబడవు, రెండు పక్కలకు లేచి నిలుచుంటాయి. వాటిని మడిచినా వెడల్పులో కొంత చోటు పోతుంది. మీ ఇంట్లోని పెద్ద సూట్‌కేసును షోరూమ్‌కు తీసుకెళ్లి పెట్టి చూడటం కొంత వింతగా తోచినా, బ్రోచర్ చదవడం కంటే నమ్మదగిన పద్ధతి.

బరువు మోసే శక్తిని ఎవరూ అడగరు, అడగాలి. బండి స్థూల బరువు (మనుషులు, సామానుతో కలిపి గరిష్ఠంగా ఉండదగిన బరువు) నుంచి ఖాళీ బరువు తీసివేస్తే మోయగలిగిన బరువు తెలుస్తుంది. ఏడుగురు సగటున 65 కిలోల చొప్పున 455 కిలోలు, సామాను 60 కిలోలు అనుకుంటే 515 కిలోలవుతుంది; బండి మోయగలిగేది అంతకు తగ్గకూడదు. ఈ బరువులు బ్రోచర్‌లో దొరక్కపోతే డీలర్ చేత రాయించుకోండి. నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద విడిగా ఉంటుంది.

ఇక కొలతలు. పొడవు కంటే వెడల్పు మన ఊళ్లలో ఎక్కువ సమస్య. పాత వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజిపేట సందుల్లో ఇల్లున్నవారికి సఫారీ 1,922 మిల్లీమీటర్ల వెడల్పు, గ్లోస్టర్ 1,926 మిల్లీమీటర్ల వెడల్పు రోజూ పరీక్ష పెడతాయి. ధరలోనూ హోదాలోనూ పెద్దదిగా కనిపించే ఫార్చ్యూనర్ 1,855 మిల్లీమీటర్లే. అద్దాలు తెరిచినప్పటి వెడల్పు ఇంకా ఎక్కువ కాబట్టి, గేటును, ఇంటి ముందు సందును టేపుతో కొలిచి ఆ అంకెను జేబులో పెట్టుకుని షోరూమ్‌కు వెళ్లండి.

బండి కింది నిర్మాణం మీద జరిగే వాదనకు అంతు కనిపించదు. ఫార్చ్యూనర్, గ్లోస్టర్, స్కార్పియో-ఎన్ లాడర్ ఫ్రేమ్ మీద కట్టినవి. సఫారీ, ఎక్స్‌యూవీ 700, కొడియాక్, మెరిడియన్, హైక్రాస్ మోనోకాక్, అంటే బాడీ, చట్రం ఒకటిగా ఉండే బండ్లు. మొదటి రకం గుంతలను, మోటు వాడకాన్ని తట్టుకుంటుంది, కానీ వేగంలో ఊగుతుంది. రెండో రకం మలుపుల్లో స్థిరంగా, లోపల కూర్చున్నవారికి మెత్తగా ఉంటుంది. ఎక్కువ ప్రయాణాలు 163వ జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కు, 44 మీద నిర్మల్, ఆదిలాబాద్‌లకు అయితే మోనోకాక్ చాలు. వానాకాలంలో నల్లరేగడి పొలాల దాకా బండి తీసుకెళ్లే రైతు కుటుంబానికి తప్ప ఫోర్-వీల్-డ్రైవ్‌కు పెట్టే అదనపు సొమ్ము చాలామందికి వృథా అని నేను భావిస్తాను. అది కావాల్సినవారు మాత్రం సఫారీలో ముందు చక్రాల డ్రైవ్ మాత్రమే ఉందని, స్కార్పియో-ఎన్ డీజిల్‌లోని కొన్ని వేరియంట్లలో, ఫార్చ్యూనర్‌లో లో-రేంజ్ గేర్లతో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లతో) కూడిన ఫోర్-వీల్-డ్రైవ్ దొరుకుతుందని గమనించాలి.

ఇంధనం విషయంలో వాడకమే నిర్ణయించాలి. బీఎస్-6 కాలుష్య ప్రమాణానికి తగ్గ డీజిల్ ఇంజిన్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద స్థిరమైన వేగంతో కొంత దూరం పోవాలి. హనుమకొండ నుంచి కాజీపేటకు, బడి నుంచి ఇంటికి మాత్రమే తిరిగే డీజిల్ బండిలో ఫిల్టర్ మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. నెలకు రెండు మూడుసార్లయినా దూరప్రయాణం లేని కుటుంబం పెట్రోల్ లేదా హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు ఉండే బండి) చూడటం మేలు. ఖర్చు తేడాను కూడా అతిగా ఊహించుకోవద్దు: ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే బండి 1,250 లీటర్లు, 15 ఇచ్చే బండి 1,000 లీటర్లు తాగుతాయి, లీటరు వంద రూపాయలనుకుంటే తేడా 25,000. ఈ మొత్తం కోసం ధరలో రెండు మూడు లక్షలు ఎక్కువ పెట్టే ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి.

భద్రత నక్షత్రాలను చూసేటప్పుడు మూడు సంగతులు మరవకూడదు. పరీక్ష ఏ సంవత్సరం నియమాల ప్రకారం జరిగిందన్నది మొదటిది: ఎక్స్‌యూవీ 700కు 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను ఢీకొట్టించి భద్రతను పరీక్షించే సంస్థ) ఇచ్చిన ఐదు నక్షత్రాలు, 2022లో నియమాలు కఠినమయ్యాక స్కార్పియో-ఎన్‌కు వచ్చిన ఐదు నక్షత్రాలు ఒకే కొలబద్ద మీద వచ్చినవి కావు. పెద్దల రేటింగు, పిల్లల రేటింగు వేరువేరు అన్నది రెండోది: అదే స్కార్పియో-ఎన్‌కు పిల్లల భద్రతలో వచ్చినవి మూడే. సఫారీకి 2023లో మన దేశపు అలాంటి పరీక్ష అయిన భారత్ ఎన్‌క్యాప్ పెద్దల విభాగంలో 32కు 30.08, పిల్లల విభాగంలో 49కి 44.54 పాయింట్లు ఇచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైన మూడో సంగతి, ఈ పరీక్షల్లో బొమ్మలను కూర్చోబెట్టేది మొదటి రెండు వరుసల్లోనే. అంటే వెనుక కూర్చునే మీ పిల్లల గురించి ఆ నక్షత్రాలు నేరుగా ఏమీ చెప్పవు. కిటికీల వెంట తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగు మూడో వరుస దాకా వస్తుందా, అక్కడ ప్రతి సీటుకూ మూడు చోట్ల పట్టే బెల్టు, తల ఆన్చుకునే దిండు ఉన్నాయా అన్నవి మీరే చూసుకోవాలి. ఎదురుగా అడ్డొచ్చిన దాన్ని గుర్తించి బ్రేకు వేసే ఏడాస్ వ్యవస్థ మంచిదే గానీ, కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చే మన దారుల్లో దానికంటే హెడ్‌లైట్ల వెలుగు ముఖ్యం. దాన్ని రాత్రి పూటే పరీక్షించాలి.

ధరలు పోల్చేటప్పుడు ఎక్స్-షోరూమ్ అంకెను పక్కన పెట్టి, ఒకే రోజు తీసుకున్న ఆన్‌రోడ్ (పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపిన) కొటేషన్లను విడివిడి పద్దులతో అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద బండ్లపై జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం వరకు ఉన్నది 40 శాతానికి మారింది కాబట్టి అంతకు ముందరి ధరల పట్టికలు పనికిరావు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ వేళ ఒకేసారి కట్టే లైఫ్ టాక్స్, బండి ధర పెరిగేకొద్దీ శాతంలోనూ పెరుగుతుంది. అప్పటికే ఒక కారు ఉన్న వ్యక్తి పేరు మీద రెండోది రిజిస్టర్ చేస్తే మరో 2 శాతం అదనం, అంటే 20 లక్షల బండికి 40,000. పది లక్షలు దాటిన బండికి వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, కాబట్టి దాన్ని ఖర్చుగా లెక్కించకండి. హ్యాండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీల ప్యాకేజీ అనేవి బేరమాడదగినవి. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. ఎక్కడ తీసుకున్నా ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే వర్తించే అదనపు బీమా) చేర్చుకోండి. 2023 జులై వరదల్లో వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో చూసినవారికి దాని అవసరం వివరించనక్కర్లేదు.

సర్వీస్ సెంటర్ వరంగల్‌లో ఉందా, కరీంనగర్‌లోనా, ప్రతిసారీ హైదరాబాద్ పోవాలా అన్నది పదేళ్లు బండి ఉంచుకునేవారికి ధర కంటే పెద్ద ప్రశ్న. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించినప్పుడు దాని ఏడు సీట్ల ఎస్‌యూవీ ఎండెవర్ యజమానులకు విడిభాగాల బెంగ పట్టుకుంది. అది మంచి బండి కాదని ఎవరూ అనలేదు.

చివరికి రెండు బండ్లు మిగిలాక, రెండింటినీ ఒకే దారిలో, ఒకే వేళలో, బండి నిండా మనుషులతో నడపండి. చౌరస్తా రద్దీలో కొంతసేపు, వరంగల్ శివారులోని మడికొండ దాటాక హైవే మీద కొంతసేపు నడిపి, తిరుగు ప్రయాణంలో మీరే మూడో వరుసలో కూర్చోండి. బుకింగ్ తర్వాత, రిజిస్ట్రేషన్‌కు ముందు, బండి తయారైన నెల, సంవత్సరం ప్లేటు మీద చూసి, ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌లోని దానితో సరిపోతుందో పోల్చుకోండి. డిసెంబరులో తయారై జనవరిలో అమ్ముడయ్యే బండికి తగ్గింపు అడగడం మీ హక్కు.