ఐకిడో పాఠాలు – 4: చేయి వాళ్ల దగ్గరే ఉంచి మీరు తిరగండి

ఐకిడో జపాన్‌లో పుట్టిన యుద్ధవిద్య. దీని మొదటి మూడు పాఠాల్లో నిలబడే తీరు, ఎదుటి మనిషితో ఉంచాల్సిన దూరం, దెబ్బ తగలకుండా పడటం చూశాం. పడటమంటే ఇంకా భయంగానే ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, ఈ పాఠంలో ఎవరూ కింద పడరు. ఇవాళ ఒక్కటే కదలిక, తెన్కాన్. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే, ముందున్న పాదం మీద తిరిగి వాళ్ల పక్కకు చేరడం. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ చాలా దోజోల్లో (ఐకిడో నేర్పే చోట్లలో) క్లాసు మొదలయ్యేదే దీంతో, ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు కూడా దీన్ని వదలరు.

జోడీ కావాలి. పట్టుకునే మనిషిని ఉకే అంటారు, కదలిక చేసే మనిషిని నాగే. మీరు నాగే అనుకుందాం. కుడి పాదం ముందు, కుడి చేయి నడుము ఎత్తులో ముందుకు. ఉకే ఎడమ పాదం ముందు పెట్టి, ఎడమ చేత్తో మీ కుడి మణికట్టు పట్టుకోవాలి, అదీ నిజంగా పట్టుకోవాలి. స్నేహితులే కదా అని మెత్తగా పట్టుకుంటే ఈ పాఠం మొత్తం దండగ.

ఇప్పుడు తొందరపడి కదలకండి. ఒక్క క్షణం మీ ఒళ్లు ఏం చేస్తోందో చూడండి. పట్టు బిగియగానే కుడి భుజం చెవి వైపు లేస్తుంది, మోచేయి పక్కకు పోతుంది, చూపు ఆ చేతి మీదే అతుక్కుపోతుంది, ఊపిరి ఛాతీలో ఆగిపోతుంది. వెంటనే చేయి లాక్కోవాలనిపిస్తుంది. సరే, లాగి చూడండి. ఉకే వేళ్ల కణుపులు తెల్లబడతాయి, పట్టు ఇంకా బిగుస్తుంది, వాళ్ల భుజం కూడా లేస్తుంది. ఇద్దరూ ఒక మణికట్టు కోసం ఒళ్లంతా బిగబట్టి నిలబడి ఉంటారు. వాళ్లు పట్టుకుంది మణికట్టు ఒక్కటే. మీ నడుము, రెండు కాళ్లు, రెండో చేయి, మెడ, నోరు అన్నీ ఖాళీగానే ఉన్నాయి, కానీ అవన్నీ ఉన్న సంగతే మీరు మర్చిపోయారు.

తెన్కాన్ అంటే వాటిని గుర్తు తెచ్చుకోవడం. పట్టుబడ్డ చేయిని ఉన్నచోటే ఉంచండి, వెనక్కి లాగొద్దు, ముందుకు తోయొద్దు. వేళ్లు మీ వైపు తిరిగేలా అరచేతిని నెమ్మదిగా పైకి తిప్పండి. మోచేయి కిందికి దిగుతుంది, దాంతో భుజం కూడా. ఇప్పుడు చేయిని మీ దగ్గరికి తెచ్చుకోవడం మానేసి మీరే చేయి దగ్గరికి వెళ్లండి, పొత్తికడుపు మణికట్టును చేరుతున్నట్టు. కుడి పాదాన్ని ఉకే ఎడమ పాదానికి బయటి పక్కగా కొద్దిగా ముందుకు వేసి, ఆ పాదం ముందుభాగం మీద ఎడమ వైపు తిరగండి, వెనకున్న ఎడమ కాలు మీ వీపు వెనక నుంచి అర్ధవృత్తంలా చుట్టి రావాలి. ఆగేసరికి మీరిద్దరూ భుజం పక్కన భుజం, ఒకే దిక్కు చూస్తూ ఉంటారు. వాళ్లు మీ కుడి పక్కన. చేయి ఇంకా వాళ్ల పట్టులోనే ఉంది, కానీ మీ పొట్ట ముందు, మీకు బలం ఉన్నచోట ఉంది. వాళ్లు తోద్దామనుకున్న చోట ఇప్పుడు ఎవరూ లేరు.

మోకాలు జాగ్రత్త. పాదం నేలకు అతుక్కుని ఉండగా నడుము తిరిగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. పాదం, మోకాలు, నడుము మూడూ కలిసి తిరగాలి, మడమను కాస్త తేలిక చేయండి. సాక్సులతో నున్నటి నేల మీద మాత్రం చేయొద్దు.

చేస్తున్నప్పుడు తల దించి చేయి చూస్తున్నారంటే మీరింకా అక్కడే ఇరుక్కున్నట్టు. తిరిగాక ఉకే చేయి సాగిపోయి మీకు దూరంగా ఉందంటే మీరు పక్కకు చేరలేదు, పారిపోయారు. ఈ రెండో తప్పు మీద ఎక్కువ టైం పెట్టండి, ఎందుకంటే ఇదే మాటల్లోకి కూడా వస్తుంది.

మాటల్లో పట్టు అంటే ఏంటి? "నీ వల్లే పని ఆగిపోయింది" అని ఒకరు అన్నారనుకోండి. పట్టుబడ్డ మణికట్టు ఇక్కడ "నీ వల్లే" అన్న ముక్క. మనం లాక్కునేది దాన్నే: "నా వల్లా? మొన్న నువ్వు చేసిందేంటి?" భుజం లేచింది, ఊపిరి ఆగింది, వాళ్ల పట్టు ఇంకాస్త బిగిసింది, అసలు పని ఊసే లేదు. ఆ ముక్కను ఉన్నచోటే వదిలేసి వాళ్ల పక్కకు చేరితే మాట వేరేలా వస్తుంది: "ఎక్కడ ఆగింది? నీకు ఎప్పటికి కావాలి?" వాళ్లు చూస్తున్న దిక్కే ఇప్పుడు మీరూ చూస్తున్నారు. తప్పు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. పని ఎక్కడ ఆగిందో తెలిశాక "ఈ భాగం నాది కాదు" అని చెప్పాల్సి వస్తే చెప్పండి, అప్పుడు ఆ మాట తిట్టులా వినిపించదు. చెప్పకుండా మింగేసి, గొడవ తప్పిందని సంతోషిస్తే అది చేయి సాగిపోయిన తెన్కానే, పట్టు అలాగే ఉంటుంది, మళ్లీ రేపు లాగుతారు.

ఇంకో జబ్బు కూడా ఉంది, కొంతకాలం ఐకిడో చేసినవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఎదుటివాళ్లు మండిపడుతుంటే కావాలని మెల్లగా, చిరునవ్వుతో మాట్లాడి, నేనెంత ప్రశాంతంగా ఉన్నానో చూడు అన్నట్టు నిలబడటం. అది పక్కన నిలబడటం అనిపించుకోదు, కొట్టడానికి ఇంకో దారి, అంతే. అవతలివాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

ఈ కళను తీర్చిదిద్దిన మొరిహెయ్ ఉయెషిబా (1883–1969) కూడా మెత్తని మనిషిగా మొదలవలేదు. హొక్కైడోలో తకెదా సొకాకు దగ్గర దైతో-ర్యూ జుజుత్సు నేర్చాడు, అది కీళ్లు విరిచే విద్య. తర్వాత ఒమోతో మతగురువు దెగుచి ఒనిసబురో ప్రభావం పడింది. 1925లో ఒక నౌకాదళ అధికారి కర్ర కత్తితో మీదికొస్తే, ఉయెషిబా ఎదురుదెబ్బ వేయకుండా తప్పుకుంటూనే ఉన్నాడని, చివరికి ఆ అధికారే అలసిపోయి ఆగాడని ఆయన పరంపరలో చెప్తారు. ఆ వెంటనే బంగారు కాంతి కనిపించిందన్న భాగాన్ని నేను పక్కన పెడతాను, మీ ఇష్టం. నాకు పనికొచ్చేది ఆ అధికారి అలసట. అదే ఉయెషిబా తర్వాత సైనిక విద్యాలయాల్లో కూడా నేర్పాడు, 1942లో ఇవామా పల్లెకు వెళ్లిపోయాడు. అంత మనిషికే ఇది ఒక్క రోజులో పట్టుబడలేదు, మనకు భుజం దించడానికి కాస్త టైం పడితే పర్లేదు.

ఉకేలకు ఒక మాట. ఐకిడో ప్రధాన సంస్థ ఐకికాయ్ పరంపరలో పోటీలు లేవు (ఉయెషిబా శిష్యుడు తొమికి కెంజి మొదలుపెట్టిన శాఖలో ఉన్నాయి), అందుకే నాగేకి నిజం చెప్పగలిగేది మీరొక్కరే. మర్యాదకు కదిలిపోతే వాళ్లకు రాని విద్య వచ్చిందన్న భ్రమ కలుగుతుంది, ఐకిడో మీద బయటివాళ్లు వేసే విమర్శ కూడా ఇదే. అలాగని ఏం చేస్తారో ముందే తెలుసుకుని అడ్డం పడటం కూడా తప్పే. పట్టుకోండి, వాళ్లను మీ ముందే ఉంచుకోవాలని చూడండి, అంతే.

ఎవరైనా నిజంగా కొట్టడానికి వస్తే ఈ పాఠం గుర్తు తెచ్చుకోవద్దు. దూరం జరగండి, వెళ్లిపోండి, సాయానికి పిలవండి.

సాధనకు: కుడి, ఎడమ మార్చుకుంటూ నాలుగు సార్లు నాగే, తర్వాత నాలుగు సార్లు ఉకే, ఇలా పావుగంట. జోడీ దొరకని రోజు ఎవరో పట్టుకున్నట్టు చేయి ముందు పెట్టి ఒంటరిగానే తిరగండి, నడుము, పాదం కలిసి తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి అది చాలు. ఈ వారం ఎవరితోనైనా మాట మాట పెరిగితే గెలవడం, ఓడటం పక్కన పెట్టి, భుజం ఎప్పుడు లేచిందో అది ఒక్కటే కాగితం మీద రాసుకోండి: వాళ్లు ఏ మాట అన్నప్పుడు అన్నది. వచ్చే పాఠం ఇరిమి, అంటే పక్కకు తిరగకుండా నేరుగా లోపలికి వెళ్లడం. దానికి ఆ కాగితం కావాలి.